పాత డాస్ ప్రోగ్రామ్ నుంచి నెట్‌వర్క్ ప్రింటర్‌కు పట్టీ రప్పించడం ఎలా?

గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ కొట్లలోనూ, ఖమ్మం, వరంగల్ మార్కెట్లలోని అడ్తి దుకాణాల్లోనూ, 1990లలో క్లిప్పర్‌లోనో ఫాక్స్‌ప్రోలోనో రాయించుకున్న లెక్కల ప్రోగ్రామ్‌లను నేను చాలా చూశాను. నీలం తెర మీద తెల్లటి అక్షరాలతో కనిపించే ఆ ప్రోగ్రామ్‌లో గుమాస్తా రైతు పేరు, టిక్కీల (మిర్చి బస్తాల) సంఖ్య, తూకం, ధర కొట్టి ఎంటర్ నొక్కితే, కోతలన్నీ పోగా రైతుకు ముట్టవలసిన సొమ్ముతో సహా పట్టీ మూడు ప్రతుల కార్బన్ కాగితం మీద డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్ నుంచి వచ్చేస్తుంది. పాత కంప్యూటర్ పాడై కొత్తది కొన్న రోజున మాత్రం చిక్కు మొదలవుతుంది. ప్రోగ్రామ్ తెరుచుకుంటుంది, పాత ఖాతాలన్నీ కనిపిస్తాయి, కానీ పట్టీ మాత్రం రాదు.

అలాంటప్పుడు చాలామంది ప్రోగ్రామ్ పాతబడిపోయిందని తీర్మానించేస్తారు. నా అనుభవంలో ప్రోగ్రామ్ తప్పు చాలా అరుదు. ఇవి విండోస్‌కు ముందటి డాస్ అనే వ్యవస్థ కోసం రాసినవి. డాస్ ప్రోగ్రామ్‌కు ప్రింటర్ అంటే ఎల్‌పీటీ1 అనే ఒకే ఒక ద్వారం. అక్కడికి అక్షరాలు పంపడం తప్ప యూఎస్‌బీ గురించి గానీ, విండోస్ డ్రైవర్ల గురించి గానీ, నెట్‌వర్క్ గురించి గానీ దానికి ఏమీ తెలియదు. కొత్త కంప్యూటర్లలో ఆ ద్వారమే ఉండడం లేదు. కాబట్టి మనం చేయవలసిన పని ప్రోగ్రామ్‌ను మార్చడం కాదు, అది నమ్మే ఎల్‌పీటీ1ను దాని కింద నిలబెట్టడం. ఈ పనిని ప్రింటర్, దాన్ని మోసే కంప్యూటర్, నెట్‌వర్క్, ప్రోగ్రామ్ అనే వరుసలో, ఒక్కో దశను పరీక్షించి అది నెగ్గిన తరువాతే తరువాతి దశకు వెళ్తూ చేయండి. ఒకేసారి నాలుగు చోట్ల అమరికలు మార్చితే ఏది పనిచేసిందో, ఏది చెడగొట్టిందో మీకే తెలియకుండా పోతుంది.

ఆదేశాలను ఇక్కడ పలికే తీరులో తెలుగు లిపిలో ఇస్తున్నాను. మీరు వాటిని కమాండ్ ప్రాంప్ట్ అనే ఆదేశాల కిటికీలో ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేయాలి. పదాల మధ్య ఖాళీలు, వాలు గీతలు, కోలన్‌లు మాత్రం ఇక్కడ ఉన్నవి ఉన్నట్లే ఉండాలి.

మొదలుపెట్టే ముందు

ప్రోగ్రామ్ ఉన్న ఫోల్డర్‌ను మొత్తంగా, అంటే డేటా ఫైళ్లు, ఆ డేటాను వెతికిపెట్టే ఇండెక్స్ ఫైళ్లు, నడిపే ఫైలు అన్నీ కలిపి, రెండు వేర్వేరు పెన్‌డ్రైవ్‌లలోకి కాపీ చేయండి. కాపీ చేసే సమయంలో ఏ కంప్యూటర్‌లోనూ ప్రోగ్రామ్ తెరిచి ఉండకూడదు, ఎందుకంటే తెరిచి ఉన్నప్పుడు తీసిన నకలులో డేటా ఒక క్షణానిది, ఇండెక్స్ ఇంకో క్షణానిది అయి రెండూ పొసగకపోవచ్చు. ఇది చేయకుండా తరువాతి మాట చదవవద్దు అని చెప్పడానికి నేను వెనుకాడను. ప్రింటర్ రాకపోతే ఒక రోజు చేత్తో రాసుకోవచ్చు, ఇరవై ఏళ్ల ఖాతాలు పోతే ఎవరూ తిరిగి రాయలేరు.

తరువాత ప్రతి కంప్యూటర్‌లోని విండోస్ 32 బిట్‌దా, 64 బిట్‌దా అన్నది సెట్టింగ్స్‌లో సిస్టమ్, అబౌట్ అనే చోట చూసి రాసి పెట్టుకోండి. డాస్ ప్రోగ్రామ్‌లను నడిపే ఎన్‌టీవీడీఎం అనే భాగం 32 బిట్ విండోస్‌లో మాత్రమే ఉంటుంది. విండోస్ 10 వరకు 32 బిట్ కూర్పు దొరికేది, విండోస్ 11కు అది లేనే లేదు. 64 బిట్ కంప్యూటర్‌లో పాత ప్రోగ్రామ్‌ను నొక్కగానే ఈ యాప్ మీ పీసీలో నడవదన్న సందేశం వస్తుంది, అలాంటి కంప్యూటర్లకు మార్గం చివర్లో చెబుతాను. ప్రింటర్‌కు సంబంధించిన దశలు మాత్రం అన్నిటికీ ఒకటే.

మొదటి దశ: ప్రింటర్‌ను ఒంటరిగా పరీక్షించండి

కేబుల్ తీసివేసి, లైన్‌ఫీడ్ మీటను నొక్కి పట్టుకుని ప్రింటర్ స్విచ్ వేయండి. ఎప్సన్ ఎల్‌ఎక్స్ వరుసలోనూ, దాని పద్ధతిని అనుసరించే చాలా డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లలోనూ ఇలా చేస్తే ప్రింటర్ తనంతట తానే అక్షరాల వరుసలు ముద్రిస్తుంది. అక్షరాలు మసకగా ఉంటే రిబ్బన్, అక్షరం నడుమ తెల్లటి సన్నగీత అడ్డంగా వస్తుంటే తలలోని ఒక సూది విరిగిందని అర్థం. ఈ పరీక్ష నెగ్గని ప్రింటర్‌తో మిగతా దశలన్నీ వృథా శ్రమ.

ఇక్కడే ఒక ముఖ్యమైన తేడాను గమనించండి. డాస్ ప్రోగ్రామ్ పంపేది బొమ్మ కాదు, నేరుగా అక్షరాలు, వాటి మధ్య కొన్ని సంకేతాలు. డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్‌కు ఆ భాష తెలుసు. కానీ మన దుకాణాల్లో ఎక్కువగా కనిపించే క్యానన్ ఎల్‌బీపీ2900, హెచ్‌పీ లేజర్‌జెట్ 1020 వంటి చిన్న లేజర్ ప్రింటర్లు పేజీని బొమ్మగా మార్చే పనిని పూర్తిగా కంప్యూటర్‌కే వదిలేస్తాయి, అందువల్ల వాటికి నేరుగా అక్షరాలు పంపితే ఏమీ ముద్రించవు. అలాంటి ప్రింటర్ మీద ఈ పద్ధతిలో గంటల తరబడి ప్రయత్నించడం కంటే, ఒక డాట్ మ్యాట్రిక్స్‌ను పట్టీలకోసం విడిగా పెట్టుకోవడం మేలు. కార్బన్ ప్రతులు కావాలంటే ఎలాగూ సూదులతో కొట్టే ప్రింటరే కావాలి. కొత్తది కొనే ఉద్దేశం ఉంటే ప్యారలల్ (పాత ఎల్‌పీటీ1 రకం), యూఎస్‌బీ రెండు ద్వారాలూ ఉన్నదే తీసుకోండి, ఎప్సన్ ఎల్‌ఎక్స్ 310 అలాంటిది.

రెండో దశ: ప్రింటర్‌ను మోసే కంప్యూటర్

ప్రింటర్ తగిలించిన కంప్యూటర్‌లో దాని డ్రైవర్‌నే వేయండి. అది దొరకకపోతే తయారీదారుల జాబితాలో జెనరిక్ కింద ఉండే టెక్స్ట్ ఓన్లీ డ్రైవర్ చాలు, ఎందుకంటే డాస్ నుంచి వచ్చే అక్షరాలు డ్రైవర్ చేతిలో పడకుండా సరాసరి ప్రింటర్‌కు వెళ్తాయి. యూఎస్‌బీ నుంచి ప్యారలల్‌కు మార్చే కేబుల్ వాడుతున్నట్లయితే ఒక సంగతి గుర్తుంచుకోవాలి: ఆ కేబుల్ మీ కంప్యూటర్‌కు ఎల్‌పీటీ1 ఇవ్వదు. విండోస్ దాన్ని యూఎస్‌బీ001 అనే పేరుతోనే చూస్తుంది, ప్రింటర్ ప్రాపర్టీస్‌లో పోర్ట్స్ కింద ఎంచుకోవలసింది కూడా అదే. కేబుల్ కొన్నాం కాబట్టి ఎల్‌పీటీ1 వచ్చేసిందనుకుని ఇక్కడే ఆగిపోయేవారు చాలామంది.

ప్రింటర్ ప్రాపర్టీస్‌లో అడ్వాన్స్‌డ్ పుటకు వెళ్లి ప్రింట్ ప్రాసెసర్ అన్నది తెరవండి. డిఫాల్ట్ డేటా టైప్ రా (RAW) అని ఉండాలి. అక్కడ టెక్స్ట్ అని ఉంటే సన్నక్షరాల సంకేతాలు పాడై పట్టీ గజిబిజిగా రావచ్చు. రా తరువాత ఎఫ్‌ఎఫ్ అపెండెడ్ అని ఉంటే ప్రతి పట్టీ వెనక ఒక తెల్ల కాగితం అదనంగా బయటకు వస్తుంది. పనుల మధ్య పేరున్న కాగితం వేసే సెపరేటర్ పేజ్ అమరిక కూడా ఖాళీగా ఉందో లేదో చూడండి.

ఇప్పుడు విండోస్ పరీక్ష పేజీ ముద్రించండి. అది రాకుండా క్యూలో ఇరుక్కున్న పాత పనులు కనిపిస్తే, కమాండ్ ప్రాంప్ట్‌ను అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచి నెట్ స్టాప్ స్పూలర్ అని కొట్టి, విండోస్ ఫోల్డర్‌లోని సిస్టమ్32, స్పూల్, ప్రింటర్స్ ఫోల్డర్‌లో ఉన్న ఫైళ్లను తొలగించి, నెట్ స్టార్ట్ స్పూలర్ అని మళ్లీ మొదలుపెట్టండి.

మూడో దశ: పంచుకునే పేరు

షేరింగ్ పుటలో ప్రింటర్‌ను పంచుకోవడానికి పెట్టే పేరు ఎనిమిది అక్షరాలు మించకుండా, ఖాళీలు లేకుండా ఉండాలి. ఈ వ్యాసంలో ఆ పేరు పట్టీ అనీ, ప్రింటర్‌ను మోసే కంప్యూటర్ పేరు సర్వర్ అనీ అనుకుందాం. రెండు కంప్యూటర్లలోనూ నెట్‌వర్క్ రకం ప్రైవేట్ అని ఉండాలి, పబ్లిక్ అని ఉంటే ఫైర్‌వాల్ పంపకాన్ని ఆపేస్తుంది. సర్వర్ కంప్యూటర్‌లో గుమాస్తాల కోసం పాస్‌వర్డ్ ఉన్న ఒక యూజర్ ఖాతా తెరిచి, మిగతా కంప్యూటర్లలోనూ అదే పేరు, అదే పాస్‌వర్డ్ పెట్టుకుంటే అనుమతుల గొడవ చాలావరకు తీరిపోతుంది. అందరికీ అన్నీ తెరిచిపెట్టి పాస్‌వర్డ్‌ను ఎత్తేయడం సులువుగా కనిపించినా, లెక్కలున్న చోట అది చేయవద్దు.

సర్వర్ కంప్యూటర్ నిద్రలోకి జారుకోకుండా పవర్ అమరికల్లో స్లీప్‌ను నెవర్ అని పెట్టండి. మధ్యాహ్నం భోజనం తరువాత మొదటి పట్టీ రావడం లేదన్న ఫిర్యాదుకు చాలాసార్లు కారణం ఇదే.

నాలుగో దశ: ఎల్‌పీటీ1ను నిలబెట్టడం

ఈ మొత్తం పనికి గుండెకాయ ఒకే ఒక్క ఆదేశం. గుమాస్తా కంప్యూటర్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి ఇలా కొట్టండి.

నెట్ యూజ్ ఎల్‌పీటీ1: \\సర్వర్\పట్టీ /పర్సిస్టెంట్:యెస్

ఇకపై ఈ కంప్యూటర్‌లో ఎల్‌పీటీ1కు వచ్చే ప్రతి అక్షరాన్నీ విండోస్ పట్టుకుని సర్వర్ మీది ప్రింటర్‌కు పంపుతుంది. చివరనున్న పర్సిస్టెంట్ అనే మాట, కంప్యూటర్ మళ్లీ ఆన్ చేసినప్పుడు కూడా ఈ బంధం నిలిచి ఉండాలని చెప్పడానికి.

ఆదేశం నెగ్గకపోతే విండోస్ ఒక సంఖ్య చెబుతుంది, ఆ సంఖ్యను చూడకుండా కిటికీ మూసేయవద్దు, ఎందుకంటే తప్పు ఎక్కడుందో అదే చూపిస్తుంది. 53 వస్తే సర్వర్ అనే కంప్యూటరే కనబడడం లేదని అర్థం: కేబుల్, ఫైర్‌వాల్, పేరులో అక్షర దోషం చూడండి, పేరుకు బదులు ఐపీ చిరునామాతో ప్రయత్నించండి. ఐపీతో పనిచేసి పేరుతో పనిచేయకపోతే సర్వర్‌కు మారని ఐపీ ఇచ్చి దాన్నే ఆదేశంలో వాడుకోవచ్చు. 67 వస్తే కంప్యూటర్ దొరికింది గానీ పంచుకున్న పేరు తప్పు. 85 వస్తే ఎల్‌పీటీ1 పేరు ఇప్పటికే వేరొక దానికి కట్టి ఉంది, కాబట్టి నెట్ యూజ్ ఎల్‌పీటీ1: /డిలీట్ అని కొట్టి పాత బంధం తెంచి మళ్లీ కట్టండి. 5 వస్తే అనుమతి లేదని చెబుతోంది. ఈ చివరిదానికి రెండు కారణాలుండవచ్చు: సర్వర్‌లో ఆ యూజర్‌కు ముద్రించే హక్కు లేకపోవడం ఒకటి, గుమాస్తా కంప్యూటర్‌లోనే నిజమైన ప్యారలల్ పోర్టు ఉండి ఆ పేరును అది పట్టుకుని ఉండడం రెండోది. రెండో సందర్భంలో డివైస్ మేనేజర్‌లో ఆ పోర్టును డిసేబుల్ చేయండి, లేదా ప్రోగ్రామ్ అమరికల్లో ఎల్‌పీటీ2 ఎంచుకునే వీలుంటే బంధాన్ని ఎల్‌పీటీ2కే కట్టండి.

ఒక హెచ్చరిక. ఈ ఆదేశాన్ని అడ్మినిస్ట్రేటర్‌గా తెరిచిన కిటికీలో కొడితే, మామూలుగా తెరిచిన ప్రోగ్రామ్‌కు ఆ బంధం కనిపించకపోవచ్చు. విస్టా కాలం నుంచి విండోస్ ఆ రెండింటినీ వేర్వేరు మనుషులుగానే చూస్తోంది. ప్రోగ్రామ్‌ను ఎలా తెరుస్తారో ఆదేశాన్నీ అలాగే కొట్టండి.

ప్రింటర్ యూఎస్‌బీ ద్వారా అదే కంప్యూటర్‌కు తగిలించి ఉండి, డాస్ ప్రోగ్రామ్ కూడా అందులోనే నడుస్తుంటే ఏం చేయాలన్న ప్రశ్న తరచూ వస్తుంది. అప్పుడూ ఇదే మార్గం: ప్రింటర్‌ను పంచుకోండి, ఆదేశంలో ఆ కంప్యూటర్ సొంత పేరే రాయండి. అయితే నెట్‌వర్క్ కేబుల్ ఊడినా, రౌటర్ ఆగినా ఈ బంధం కూడా తెగిపోవచ్చు. ఒంటరి కంప్యూటర్ అయితే హార్డ్‌వేర్ జోడించే విజార్డ్‌లో మైక్రోసాఫ్ట్ కింద ఉండే లూప్‌బ్యాక్ అడాప్టర్‌ను వేసుకుంటే, బయటి కేబుల్ లేకపోయినా విండోస్ తనకు నెట్‌వర్క్ ఉన్నట్లే భావిస్తుంది.

ఐదో దశ: ప్రోగ్రామ్ లేకుండా పరీక్ష

ప్రోగ్రామ్‌ను ఇంకా తెరవవద్దు. కమాండ్ ప్రాంప్ట్‌లో డిర్ అని కొట్టి, ఖాళీ వదిలి, పెద్దది అనే గుర్తు (>) పెట్టి, ఎల్‌పీటీ1 అని రాసి ఎంటర్ నొక్కండి. ఫోల్డర్‌లోని ఫైళ్ల జాబితా కాగితం మీదకు రావాలి. వచ్చిందంటే నెట్‌వర్క్, పంపకం, ప్రింటర్ అన్నీ సరిగ్గా ఉన్నట్లే, ఇక మిగిలిన లోపం ప్రోగ్రామ్ అమరికల్లోనే వెతకాలి. ఆదేశం నెగ్గినా కాగితం రాకపోతే సర్వర్‌లో ప్రింటర్ క్యూ తెరిచి, అక్కడికి పని చేరి ఆగిందో, అసలు చేరనే లేదో చూడండి.

నేరుగా అక్షరాలు అర్థం చేసుకోగల లేజర్ ప్రింటర్‌కు పంపుతున్నట్లయితే, అక్షరాలు అందుకున్నా కాగితాన్ని బయటకు తోయదు. పేజీ ముగిసిందని చెప్పే 12 అనే సంకేతం అందేదాకా అది ఎదురుచూస్తుంది. ఎకో అని కొట్టి, ఖాళీ వదిలి, కంట్రోల్ మీటతో ఎల్ నొక్కి, తరువాత పెద్దది గుర్తు, ఎల్‌పీటీ1 రాసి పంపితే ఆగిన కాగితం వస్తుంది.

ఆరో దశ: ఆలస్యం, సగం పట్టీ

ప్రోగ్రామ్ నుంచి పట్టీ కొట్టారు. వెంటనే రాలేదు, కాసేపాగి వచ్చింది, లేదా ప్రోగ్రామ్ మూసేదాకా రాలేదు. ఇది లోపం కాదు, ఎదురుచూపు. డాస్ ప్రోగ్రామ్ పని అయిపోయిందని చెప్పకపోతే విండోస్ ఇంకా అక్షరాలు రావచ్చని ఆగుతుంది. ఎన్‌టీవీడీఎంలో ఈ ఆగే సమయం మామూలుగా 15 సెకన్లు. విండోస్ తన అమరికలు దాచుకునే రిజిస్ట్రీలో హెచ్‌కీ లోకల్ మెషీన్, సిస్టమ్, కరెంట్‌కంట్రోల్‌సెట్, కంట్రోల్, వావ్ (WOW) అనే వరుసలో వెళితే అక్కడ ఎల్‌పీటీ అండర్‌స్కోర్ టైమౌట్ అనే విలువ ఉంటుంది. అందులోని సంఖ్యను తగ్గించి కంప్యూటర్‌ను మళ్లీ మొదలుపెడితే పట్టీ త్వరగా వస్తుంది.

ఎంత తగ్గించాలన్నది మాత్రం జాగ్రత్తగా ఆలోచించవలసిన సంగతి. ఒక కొట్టులో గుమాస్తాలు తొందరపెడితే నేను ఆ సంఖ్యను 1 చేశాను. సీజన్ నడిమధ్యలో, రెండు కంప్యూటర్ల నుంచి ఒకేసారి పట్టీలు కొడుతున్నప్పుడు, ఒక రైతు పట్టీలో పై సగం ముద్రించి, ఆ కిందనే ఇంకో రైతు లెక్క మొదలైంది. కాగితం చేతిలో పట్టుకుని చూస్తే శీర్షికలో ఒక ఊరి పేరు, కింద మొత్తంలో వేరొకరి సొమ్ము. ఆ ప్రోగ్రామ్ శీర్షిక ముద్రించిన తరువాత ఖాతా ఫైలులో లెక్కలు వెతకడానికి రెండు మూడు సెకన్లు ఆగుతుందన్న సంగతిని నేను గమనించలేదు. ఆ విరామంలో ఒక సెకను గడవగానే విండోస్ పని అయిపోయిందనుకుని సగం పట్టీని పంపేసింది, ఆ సందులో రెండో కంప్యూటర్ పట్టీ దూరింది. గుమాస్తా గమనించి ఆపబట్టి ఆ కాగితం రైతు చేతికి పోలేదు. అప్పటి నుంచి నేను ముందు ప్రోగ్రామ్‌లో అన్నిటికంటే పెద్ద నివేదికను కొట్టి, ముద్రణ మధ్యలో ఎంతసేపు ఆగుతుందో గడియారంతో చూసి, దానికి మూడు నాలుగు సెకన్లు కలిపి ఆ సంఖ్యను పెడుతున్నాను. నెలవారీ లెడ్జర్ వంటి పెద్ద నివేదికలు తీసేటప్పుడు 15 సెకన్లు కూడా చాలకపోవచ్చు. మీరూ అదే చేయండి, తొందరపడి 1 పెట్టవద్దు.

ప్రోగ్రామ్ మూల కోడ్ మీ దగ్గర ఉంటే ఇంతకంటే మంచి మార్గం ఉంది. క్లిప్పర్‌లోనూ, ఫాక్స్‌ప్రోలోనూ ముద్రణ ముగిసిన చోట సెట్ ప్రింటర్ టు అని, దాని తరువాత ఏమీ రాయకుండా ఒక పంక్తి చేర్చితే, ప్రోగ్రామ్ తానే ద్వారం మూసి పని ముగిసిందని చెబుతుంది. అప్పుడు ఎదురుచూపూ ఉండదు, పట్టీలు కలిసిపోయే భయమూ ఉండదు.

ఏడో దశ: కాగితం మీద అమరిక

పట్టీ వస్తోంది గానీ చోటు తప్పుతోంది. ఒక్కో పట్టీకి అంగుళం చొప్పున పైకి జరుగుతోందంటే, కాగితం పొడవు 12 అంగుళాలు ఉండి ప్రింటర్ మాత్రం 11 అనుకుంటోందని అర్థం. అంగుళానికి ఆరు వరుసల లెక్కన 11 అంగుళాల కాగితానికి 66, 12 అంగుళాలకు 72, పట్టీలకు వాడే 6 అంగుళాల అరకాగితానికి 36 వరుసలు. ప్రోగ్రామ్‌లో ప్రింటర్ సంకేతాలు రాసుకునే చోటు ఉంటే 27, 67, 36 అని రాస్తే ప్రింటర్ పేజీ పొడవును 36 వరుసలుగా తీసుకుంటుంది. ఈ సంకేతం అందిన క్షణంలో కాగితం ఎక్కడ ఉందో దాన్నే పేజీ తలగా అది భావిస్తుంది కాబట్టి, ముందుగా కాగితం చిల్లుల గీతను సరైన చోటికి తిప్పి ఉంచండి. ప్రోగ్రామ్‌లో ఆ చోటు లేకపోతే ప్రింటర్ సొంత అమరికల పట్టికలోనే పేజీ పొడవు మార్చుకోవచ్చు.

కుడివైపు గడులు తెగిపోయి తరువాతి వరుసలో పడుతున్నాయంటే సన్నక్షరాల సంకేతం అందలేదని అర్థం. మామూలు అక్షరాలు అంగుళానికి పది చొప్పున ఎనిమిది అంగుళాల్లో 80 మాత్రమే పడతాయి, 15 అనే సంకేతంతో సన్నబడితే అదే వెడల్పులో 132 నిలువు వరుసల నివేదిక ఇముడుతుంది. 18 అనే సంకేతం తిరిగి మామూలు సైజుకు తెస్తుంది. ముందు కొట్టిన నివేదిక సన్నక్షరాలు తరువాతి పట్టీకీ అంటుకుంటుంటే, ప్రతి పట్టీ మొదట్లో 27, 64 పంపించండి, అది ప్రింటర్‌ను మొదటి స్థితికి తెస్తుంది.

గీతల పెట్టెల స్థానంలో వాలు అక్షరాలు వస్తున్నాయా? ప్రింటర్‌లో అక్షరాల పట్టిక ఇటాలిక్ మీద ఉంది. దాన్ని పీసీ437కు మార్చండి, లేదా 27, 116, 1 పంపండి. వరుసకూ వరుసకూ మధ్య ఒక ఖాళీ వరుస వస్తుంటే ప్రింటర్‌లో ఆటో లైన్‌ఫీడ్ ఆపేయండి. రూపాయి గుర్తు మాత్రం ఈ పాత అక్షరాల పట్టికలో లేదు, దానికోసం వెతకకుండా రూ. అన్న అర్థంలో ఇంగ్లీషు పొట్టి అక్షరాలే వాడుకోండి.

ఇన్ని చేసినా ప్రోగ్రామ్ ఏ సంకేతాలు పంపుతోందో అంతుబట్టకపోతే, ఎప్సన్ తరహా ప్రింటర్లలో లైన్‌ఫీడ్, లోడ్ మీటలు రెండింటినీ కలిపి నొక్కి పట్టుకుని స్విచ్ వేయండి. ప్రింటర్ హెక్స్ డంప్ స్థితిలోకి వెళ్లి, అందిన ప్రతి అక్షరాన్నీ హెక్స్ (పదహారు ఆధారపు) సంఖ్యగా ముద్రిస్తుంది. పట్టీ కొట్టి చూస్తే మొదటి వరుసలో 1బి 40 (అంటే 27, 64) కనిపిస్తే మొదటి స్థితికి తెచ్చే సంకేతం, 0ఎఫ్ (అంటే 15) కనిపిస్తే సన్నక్షరాల సంకేతం వచ్చినట్లే. ఊహలతో గంటలు గడిపే బదులు ఒక కాగితం ఖర్చుతో నిజం తెలిసిపోతుంది.

ఎనిమిదో దశ: ప్రోగ్రామ్ అమరికలు, పంచుకున్న డేటా

ప్రోగ్రామ్ నెట్‌వర్క్‌లో ఫైళ్లు తెరవలేక ఆగిపోతుంటే, విండోస్‌లోని సిస్టమ్32 ఫోల్డర్‌లో కాన్ఫిగ్.ఎన్‌టీ అనే ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిచి ఫైల్స్ అన్న పంక్తిలోని 40ని 120 చేయండి. క్లిప్పర్ ప్రోగ్రామ్ అయితే అదే చోటనున్న ఆటోఎగ్జెక్.ఎన్‌టీలో సెట్ క్లిప్పర్=ఎఫ్:120 అనే పంక్తి చేర్చండి. ఈ రెండూ కలిసి ఉంటేనే పనిచేస్తాయి. డేటా ఫోల్డర్‌ను అన్ని కంప్యూటర్లలోనూ ఒకే డ్రైవ్ అక్షరంతో కట్టండి. ఒకదానిలో ఎఫ్, ఇంకోదానిలో జెడ్ ఉంటే ఇండెక్స్ ఫైళ్లను ప్రోగ్రామ్ వేరే చోట వెతుకుతుంది. ఫోల్డర్ పేర్లు కూడా ఎనిమిది అక్షరాలలోపే ఉండనివ్వండి.

పదిహేను నిమిషాలు ఎవరూ ఏమీ చేయకపోతే విండోస్ సర్వర్ బంధాన్ని తెంచేస్తుంది. నెట్ కాన్ఫిగ్ సర్వర్ /ఆటోడిస్‌కనెక్ట్:-1 అనే ఆదేశాన్ని సర్వర్‌లో అడ్మినిస్ట్రేటర్‌గా కొడితే అది ఆగుతుంది.

అన్నిటికంటే ప్రమాదకరమైనది ఇండెక్స్ పాడవడం. గుమాస్తా కొట్టిన పట్టీ పక్క కంప్యూటర్‌లో కనిపించకపోవడం, ఒకే సంఖ్యతో రెండు పట్టీలు రావడం దాని లక్షణాలు. వేగం కోసం విండోస్ ఫైలు ముక్కలను గుమాస్తా కంప్యూటర్‌లోనే దాచి ఉంచే పద్ధతి దీనికి ఒక ముఖ్య కారణం, దీన్ని ఆప్‌లాక్ అంటారు. నెట్‌వర్క్‌లో ఫైళ్లు పంచుకోవడానికి విండోస్ వాడిన పాత ఎస్‌ఎంబీ1 పద్ధతిలో సర్వర్ రిజిస్ట్రీలోని లాన్‌మాన్‌సర్వర్, పారామీటర్స్ కింద ఎనేబుల్‌ఆప్‌లాక్స్ అనే విలువను 0 చేస్తే అది ఆగేది. కొత్త ఎస్‌ఎంబీ ఆ విలువను పట్టించుకోదు, అయితే విండోస్ 10 తరువాతి కూర్పుల్లో పవర్‌షెల్‌లో సెట్-ఎస్‌ఎంబీషేర్ ఆదేశానికి లీజింగ్‌మోడ్ అనే మాట చేర్చి నన్ (None) అని ఇస్తే ఆ ఒక్క ఫోల్డర్‌కు దాచుకోవడం ఆగుతుంది. ఏదేమైనా, ప్రోగ్రామ్‌లో రీఇండెక్స్ అనే పని ఉంటే రోజూ కొట్టు మూసే ముందు అందరినీ బయటకు రమ్మని ఒక్క కంప్యూటర్‌లోనే దాన్ని నడపండి.

ఎక్స్‌పీ కంప్యూటర్ ఇంకా మిగిలి ఉంటే అది ఎస్‌ఎంబీ1 మాత్రమే మాట్లాడుతుంది, 2017 చివరి నుంచి వచ్చిన విండోస్ 10 కూర్పుల్లో అది మొదటి నుంచీ ఆపి ఉంటుంది. దాన్ని తిరిగి తెరవవలసి వస్తే ఆ చిన్న నెట్‌వర్క్‌ను ఇంటర్నెట్ నుంచి పూర్తిగా వేరు చేయండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ మద్దతు కూడా 2025 అక్టోబర్ 14తో ముగిసింది కాబట్టి, పట్టీల కోసం ఉంచిన 32 బిట్ కంప్యూటర్‌లో ఈమెయిల్, బ్యాంకు పనులు చేయవద్దు.

64 బిట్ కంప్యూటర్ మాత్రమే ఉంటే

రెండు మార్గాలున్నాయి. ఒకటి, కంప్యూటర్ లోపలే ఇంకో కంప్యూటర్‌లా నడిచే వర్చువల్ మెషీన్‌లో 32 బిట్ విండోస్ వేసుకుని పై దశలన్నీ దానిలోనే చేయడం. కాస్త శ్రమ ఎక్కువైనా నాకు ఇది నమ్మకంగా అనిపిస్తుంది, ఎందుకంటే ప్రోగ్రామ్‌కు పాత వాతావరణం ఉన్నది ఉన్నట్లు దొరుకుతుంది. రెండోది, వీడాస్ వంటి అనుకరణ ప్రోగ్రామ్. ఇది ఆఫీసు పనుల డాస్ ప్రోగ్రామ్‌ల కోసమే తయారైంది, ఫైళ్లకు, రికార్డులకు తాళాలు వేయడం దానికి తెలుసు, ఎల్‌పీటీ1 ఎక్కడికి వెళ్లాలో దాని అమరికల ఫైలులో రాసుకోవచ్చు. ఆటల కోసం పుట్టిన మామూలు డాస్‌బాక్స్‌ను మాత్రం ఇద్దరు ముగ్గురు కలిసి వాడే లెక్కలకు వాడవద్దు. దానిలో ముద్రణ ఏర్పాటు లేదు, పైగా ఒకేసారి ఇద్దరు అదే రికార్డు రాస్తే ఆపే ఏర్పాటును నమ్మడానికి వీల్లేదు.

ఏ మార్గమైనా ప్రోగ్రామ్ ముద్రణను ఫైలులోకి రాయగలిగితే, కాపీ /బి అని రాసి, ఫైలు పేరు, తరువాత \\సర్వర్\పట్టీ అని కొడితే ఆ ఫైలు సంకేతాలతో సహా ప్రింటర్‌కు చేరుతుంది. మధ్యలోని /బి మరువకూడదు, అది లేకపోతే 26 అనే సంఖ్య తగిలిన చోట ఫైలు ముగిసిందనుకుని కాపీ ఆగిపోతుంది.

అప్పగించే ముందు

మూడు కంప్యూటర్ల దగ్గరా ముగ్గురిని కూర్చోబెట్టి, ఒకే క్షణంలో మూడు వేర్వేరు పట్టీలు కొట్టించండి. వచ్చిన కాగితాల్లో పేరు, టిక్కీలు, తూకం, మొత్తం అన్నీ ఒకే రైతువో కాదో గుమాస్తాచేతనే సరిచూయించండి. తరువాత సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేసి, గుమాస్తా కంప్యూటర్లనూ ఆపి ఆన్ చేసి, మీ చేయి ఏమీ పెట్టకుండా ఇదే పరీక్ష మళ్లీ నెగ్గుతుందో లేదో చూడండి. నెట్ యూజ్ ఆదేశాన్ని, కంప్యూటర్ పేరును, ప్రింటర్ పంచుకున్న పేరును, ఆగే సమయపు సంఖ్యను ఒక కాగితం మీద స్పష్టంగా రాసి, టేపుతో సర్వర్ క్యాబినెట్ పక్కన అంటించి రండి.